అగ్నిపర్వతం రకాన్ని గుర్తించడం, దాని ప్రమాదాల నుంచి తప్పించుకోవడం ఎలా

అగ్నిపర్వతం అనగానే ఎర్రగా పారే లావాయే అందరి కళ్లముందూ మెదులుతుంది. కానీ మనుషులను పెద్ద సంఖ్యలో పొట్టనబెట్టుకున్న విస్ఫోటనాలను పరిశీలిస్తే, ఆ మరణాలకు వేడి బూడిద ప్రవాహాలు, బురద వరదలు, సునామీలు, విషవాయువులే ఎక్కువగా కారణమని తెలుస్తుంది. అందువల్ల అగ్నిపర్వతం దగ్గర నివసించేవారైనా, దాన్ని చూడటానికి వెళ్లేవారైనా ముందు ఆ కొండ ఎలాంటిదో, అది బద్దలైతే ఏ ముప్పు ఏ దారిన వస్తుందో తెలుసుకుని ఉండాలి.

మొదట శిలాద్రవం, అంటే భూగర్భంలో కరిగి ఉన్న రాయి, సంగతి అర్థం చేసుకోవాలి. పాదాలు రుద్దుకోవడానికి వాడే సహజమైన ప్యూమిస్ రాయిని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. ఒళ్లంతా చిల్లులే కనిపిస్తాయి. చేతికి బరువే తెలియదు. నీళ్లలో వేస్తే తేలుతుంది. ఆ చిల్లుల్లో ప్రతి ఒక్కటీ ఒకనాటి వాయుబుడగ. భూగర్భంలో పైనున్న రాతి ఒత్తిడి వల్ల నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు శిలాద్రవంలో కరిగి ఉంటాయి, అది పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ వాయువులు బుడగలు కడతాయి. బుడగలు సులువుగా బయటపడితే లావా పొర్లి పారుతుంది. బయటపడే దారి లేకపోతే అవి ఉబ్బి, శిలాద్రవాన్నే తునాతునకలు చేసి ఆకాశంలోకి విసిరేస్తాయి. ఈ తేడాకు ముఖ్య కారణం సిలికా, అంటే ఇసుకలోనూ రాళ్లలోనూ ఉండే పదార్థం. సిలికా సుమారు 50 శాతం ఉండే బసాల్ట్ రకపు శిలాద్రవం 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వేడితో పల్చగా పారుతుంది. సిలికా 70 శాతం దాటిన రయొలైట్ రకం అంతకంటే తక్కువ వేడితో, బంకలా చిక్కగా ఉండి వాయువును లోపలే బిగపట్టి ఉంచుతుంది.

కొండ ఆకారం చాలావరకు ఈ గుణాన్నే చూపిస్తుంది. పల్చని లావా దూరదూరాలకు పారి పేరుకోవడం వల్ల బోర్లించిన డాలులా విశాలంగా, తక్కువ వాలుతో ఏర్పడేవి కవచాకార అగ్నిపర్వతాలు. హవాయిలో సముద్రమట్టానికి 4,169 మీటర్ల ఎత్తున్న మౌనా లోవా ఇలాంటిదే. దాని పక్కనున్న కిలావేయా 2018లో వందల ఇళ్లను లావాలో ముంచెత్తినా, ప్రజలు ముందే తప్పుకోగలిగారు. అయితే ఆకారం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు: కాంగోలోని న్యిరగాంగో నిటారుగా ఉండే కొండ అయినా దాని లావా మాత్రం చాలా పల్చన, అందుకే 1977లో అది మనుషులు పరుగెత్తి తప్పించుకోలేనంత వేగంగా ఊళ్లమీదికి దూసుకొచ్చింది.

బిలం నుంచి ఎగిరిపడే లావా తునకలు చుట్టూ పేరుకుని ఏర్పడే సిండర్ శంకువులు చిన్నవి. మెక్సికోలో 1943 ఫిబ్రవరి 20న ఒక మొక్కజొన్న చేలో నేల పగిలి పుట్టిన పారికుటిన్ ఏడాదిలోనే 300 మీటర్లకు మించి పెరిగి, 1952లో చల్లారిపోయింది. అది కప్పేసిన ఊరి చర్చి గోపురం నేటికీ నల్లటి లావా రాళ్ల మధ్య నిలబడి ఉంది.

అసలు భయపడవలసింది మిశ్రమ అగ్నిపర్వతాలకే అని నా అభిప్రాయం. బూడిద, లావా పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన ఫుజి, మేయాన్, వెసూవియస్ వంటి ఎత్తైన శంకువులు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. ఇలాంటి వాటిలో కొన్ని దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు మౌనంగా ఉండి ఒక్కసారిగా బద్దలవుతాయి. ఇక కాల్డెరాను గుర్తించడం అన్నిటికంటే కష్టం. శిలాద్రవం ఖాళీ అయ్యాక పైకప్పు కుంగిపోయి ఏర్పడే ఈ విశాలమైన పల్లాల్లో కొండ కోసం వెతికితే దొరకదు. సుమత్రాలో దాదాపు 100 కిలోమీటర్ల పొడవున్న టోబా సరస్సు అలాంటి కాల్డెరాయే.

బద్దలయ్యే తీరును బట్టి చూస్తే, లావా ఫౌంటెన్‌లా చిమ్మే హవాయి తరహా విస్ఫోటనం నుంచి, బూడిద స్తంభం పదుల కిలోమీటర్ల ఎత్తుకు లేచే ప్లీనియన్ విస్ఫోటనం వరకు అనేక మెట్లున్నాయి. తీవ్రతను 0 నుంచి 8 వరకు ఉండే సూచీతో కొలుస్తారు. సందర్శకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఆవిరి విస్ఫోటనం. భూగర్భ జలం వేడికి ఒక్కసారిగా ఆవిరై పేలడానికి కొత్త శిలాద్రవం పైకి రానవసరం లేదు, అందువల్ల ముందస్తు సూచనలు చాలా తక్కువగా ఉంటాయి. 2014లో జపాన్‌లోని ఓంటాకేపై పర్వతారోహకులను, 2019లో న్యూజిలాండ్‌లోని వకారి దీవిపై పర్యాటకులను బలిగొన్నవి ఇలాంటి పేలుళ్లే. బిలం అంచుదాకా వెళ్లాలనుకునేవారు ఆ రోజు ప్రకటించిన హెచ్చరిక స్థాయిని తప్పనిసరిగా చూడాలి; అది సాధారణ స్థాయి దాటి ఉంటే ప్రయాణం మానుకోవాలి.

కొండ లేవబోతున్నప్పుడు చిన్న భూకంపాలు వరుసగా వస్తాయి, నేల ఉబ్బుతుంది, వాయువులు పెరుగుతాయి. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కొండ ఉత్తరపు వాలు వారాల తరబడి ఉబ్బి, మే 18న 5.1 తీవ్రత గల భూకంపంతో కూలిపోయింది. మూత తీసినట్టు ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై, పేలుడు పక్కకు విరుచుకుపడి 57 మంది మరణించారు. కొండ పైకే పేలుతుందని, పక్కన ఉంటే భయం లేదని అనుకోకూడదు.

వేడి వాయువు, బూడిద, రాళ్లు కలిసి వాలుమీద గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో దొర్లే పైరోక్లాస్టిక్ ప్రవాహానికి ఎదురు నిలిచి బతికే ఉపాయం లేదు. 1902 మే 8న కరీబియన్ దీవి మార్టినిక్‌లోని పెలే కొండ నుంచి వచ్చిన అలాంటి మేఘం కొద్ది నిమిషాల్లోనే సెయింట్ పియెర్ నగరాన్ని తుడిచిపెట్టి దాదాపు 28,000 మందిని చంపింది. కారులో పారిపోగలమన్న లెక్క కూడా పనికిరాదు. ఖాళీ చేయమన్నప్పుడే వెళ్లిపోవడం ఒక్కటే మార్గం.

బురద వరదకు, అంటే లహార్‌కు, మాత్రం తప్పించుకునే దారి ఉంది. అందుకే కొలంబియా విషాదాన్ని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1985 నవంబర్ 13న నెవాడో డెల్ రూయిజ్ చిన్న విస్ఫోటనమే చేసింది. కానీ శిఖరం మీది మంచు కరిగి, బూడిదతో కలిసి లోయల వెంట దిగి, 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అర్మేరో పట్టణాన్ని రెండున్నర గంటల తర్వాత ముంచేసింది. సుమారు 23,000 మంది చనిపోయారు. ఆ ఊరు ప్రమాద పరిధిలో ఉందని చూపే పటం అప్పటికే తయారై ఉంది. ఎత్తైన చోటికి చేరినవారు బతికారు. కాబట్టి మీరున్న ఊరు ఏ లోయలో ఉందో ప్రమాద పటంలో ముందే చూసుకోండి. ఉరుములాంటి మోత వినిపిస్తే లోయ వెంట కిందికి పరుగెత్తకుండా, పక్కనున్న మిట్ట ఎక్కండి. వంతెన దాటేముందు ఎగువవైపు చూడండి. బురద వస్తున్నట్టు కనిపిస్తే అడుగు ముందుకు వేయకండి.

కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైనది కనుక పల్లాల్లో పేరుకుంటుంది. 1986 ఆగస్టు 21న కామెరూన్‌లో అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన న్యోస్ సరస్సు నుంచి రాత్రివేళ వెలువడిన ఈ వాయువు దాదాపు 1,700 మంది ప్రాణాలు తీసింది. దీన్ని తడిగుడ్డ గాని, మాస్కు గాని ఆపలేవు. వాయువులు వెలువడే చోట గుంతల్లోకి, నేలమాళిగల్లోకి దిగకూడదు. తీరప్రాంతాల్లో సునామీ ముప్పు కూడా ఉంటుంది: 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా తీసిన 36,000కు పైగా ప్రాణాల్లో అత్యధికం సముద్రపు అలలకే పోయాయి.

బూడిద అన్న పేరు చూసి మోసపోవద్దు. అది కాలిన కట్టె బూడిద కాదు; పొడి పొడి అయిన రాయి, గాజు. సూక్ష్మదర్శినిలో దాని రేణువులు విరిగిన గాజు పెంకుల్లా మొనదేలి కనిపిస్తాయి. 1982 జూన్‌లో జావా మీదుగా వెళుతున్న ఒక ప్రయాణికుల విమానంలో ఈ బూడిద చేరి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి దిగాక అవి మళ్లీ పనిచేయడంతో అందరూ బతికారు. బూడిద రాలుతుంటే ఇంట్లోనే ఉండి, కిటికీల సందులను తడిబట్టతో మూయండి, నీటి తొట్లపై మూతలు పెట్టండి. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్-95 మాస్కు, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు ధరించండి. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. పొడిగా ఉన్న కారు అద్దంపై వైపర్లు నడిపితే గీతలు పడతాయి.

పైకప్పు మీద బూడిదను పేరుకోనివ్వకండి, ఎందుకంటే వానకు తడిస్తే దాని బరువు బాగా పెరుగుతుంది. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటుబో బద్దలైన రోజే తుఫాను వాన కురవడంతో, అక్కడ వెంటనే చనిపోయినవారిలో ఎక్కువమంది కూలిన పైకప్పుల కిందే పోయారు. రాలడం తగ్గినప్పుడు కొద్దిగా నీళ్లు చిలకరించి, ధూళి లేవకుండా పారతో ఎత్తండి; మురుగు కాలువల్లోకి కడిగితే సిమెంటులా గట్టిపడి పూడిపోతాయి.

ఆ పినటుబో దగ్గరే, ముందస్తు హెచ్చరికలతో వేలాది మందిని తరలించి కాపాడగలిగినా, వాలుల మీద మిగిలిన బూడిద ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి వర్షాకాలంలో బురద వరదలై ఊళ్లను ముంచింది. అందువల్ల విస్ఫోటనం ఆగిందని నది ఒడ్డున ఉన్న ఇంటికి తిరిగి వెళ్లేముందు, ఎగువ వాలుల మీద ఎంత బూడిద మిగిలిందో, వాన కురిస్తే అది ఏ వాగులోకి దిగుతుందో అధికారులను అడిగి తెలుసుకోండి.