ట్యూబు వేశాక ఆక్సిజన్ శాతం పడిపోతుంటే: సమస్య - పరిష్కారం

ఆపరేషన్ థియేటర్‌లో రోగికి శ్వాసనాళపు గొట్టం, అంటే మనం రోజూ అనే ట్యూబు, అమర్చిన తరువాత శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తగ్గడం మొదలైతే, కారణం తేలేలోపే చేయవలసినవి మూడు ఉన్నాయి: ఆక్సిజన్‌ను నూరు శాతానికి పెంచాలి, సాయానికి పిలవాలి, వెంటిలేటరును పక్కన పెట్టి బ్యాగును చేత్తో నొక్కి చూడాలి. ఆ తరువాత చూపు మొదట పడవలసింది, బయటికి వదిలే శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ గీత మీదే.

సమస్య: కాప్నోగ్రాఫ్ గీత చదునుగా ఉంది.

కారణం: వేరే రుజువు దొరికేదాకా ట్యూబు అన్నవాహికలో ఉన్నట్టే భావించాలి. ముందుగా ఆక్సిజన్ బాగా పట్టించిన రోగిలో శాచురేషన్ కొన్ని నిమిషాలపాటు నిలకడగానే కనిపిస్తుంది కనుక, ఆక్సీమీటరు బాగుందన్నది రుజువు కాదు. ట్యూబులో ఆవిరి పట్టడం, స్టెతస్కోపుకు శబ్దం వినిపించడం కూడా మోసం చేయగలవు. స్టెతస్కోపును మనం అతిగా నమ్ముతామని నా అభిప్రాయం. గుండె ఆగినందువల్లే గీత రావడం లేదనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే ఛాతీని సరిగా నొక్కుతున్నప్పుడు ఎత్తు తగ్గినా గీత సాధారణంగా కనిపిస్తూనే ఉంటుంది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన నాప్-4 (శ్వాసమార్గ ప్రమాదాలపై జాతీయ పరిశీలన) నివేదిక, ఐసీయూలలో జరిగిన శ్వాసమార్గ ప్రమాదాలలో కాప్నోగ్రఫీ వాడకపోవడాన్ని, చూసినా సరిగా అర్థం చేసుకోకపోవడాన్ని ఎత్తిచూపింది.

పరిష్కారం: కనీసం 7 శ్వాసలపాటు గీత తగ్గిపోకుండా, ఆధారరేఖకు 7.5 మి.మీ. పాదరసానికి మించి లేస్తూ ఉండాలని 2022 నాటి ప్యూమా (శ్వాసమార్గ నిపుణుల అంతర్జాతీయ బృందం) మార్గదర్శకాలు చెబుతాయి. అలా లేకపోతే ట్యూబు తీసి మాస్కుతో శ్వాస ఇవ్వడమే మొదటి మార్గం. కాప్నోగ్రాఫ్‌కు శ్వాస నమూనా తీసుకెళ్లే శాంప్లింగ్ గొట్టం ఊడిందన్న అనుమానం ఉంటే దానిలోకి ఒక్కసారి ఊదితే తెలిసిపోతుంది. అంతకు మించి యంత్రాన్ని శోధిస్తూ కూర్చోకూడదు.

సమస్య: గీత బాగుంది, శాచురేషన్ మాత్రం 99 నుంచి 93కు మెల్లగా దిగింది.

లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) కడుపులోకి గ్యాస్ ఎక్కించి, తల వైపును కిందికి వంచగానే ఇలా జరిగితే ముందుగా ట్యూబు లోతును అనుమానించాలి. డయాఫ్రమ్‌తో పాటు శ్వాసనాళం చీలే చోటు పైకి జరుగుతుంది; పళ్ల దగ్గర కట్టిన ట్యూబు మాత్రం కదలదు కనుక, దాని కొస కుడి ఊపిరితిత్తి గొట్టంలోకి దిగిపోతుంది. మెడ ముందుకు వంగినా కొస లోపలికే జరుగుతుంది. పళ్ల దగ్గర గుర్తు చూడండి: పెద్దవారిలో సుమారుగా స్త్రీలకు 21, పురుషులకు 23 సెంటీమీటర్లు. కఫ్‌లో, అంటే ట్యూబు కొస దగ్గరి బుడగలో, గాలి తీసి, ట్యూబును ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగి, రెండు చంకల కిందా విని, కఫ్ పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టంలో ఉండేలా మళ్లీ నింపి, టేపు కొత్తగా వేయాలి.

సమస్య: బ్యాగు గట్టిగా ఉంది, పీడనం అలారం మోగుతోంది.

పీక్ (శ్వాస లోపలికి వెళ్లేటప్పటి గరిష్ఠ పీడనం) ఎక్కువై ప్లాటో (గాలి ప్రవాహం ఆగినప్పటి పీడనం) మామూలుగా ఉంటే అడ్డు గాలి దారిలో ఉంది: మడత, కఫం, పళ్లతో కొరకడం, తడిసిన ఫిల్టర్, లేదా బ్రాంకోస్పాజమ్ (ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకోవడం). సక్షన్ క్యాథెటర్ ట్యూబులోంచి సాఫీగా దిగితే మడత లేనట్టే. కాప్నోగ్రాఫ్ గీత సొరచేప రెక్కలా వాలితే బ్రాంకోస్పాజమ్. మత్తు లోతు పెంచి, గొట్టాలను సడలించే సాల్బుటమాల్ ఇవ్వాలి. దానితోపాటు బీపీ కుప్పకూలితే ఎనాఫిలాక్సిస్‌గా (తీవ్రమైన అలర్జీగా) భావించి, పెద్దవారికి అడ్రినలిన్ 50 మైక్రోగ్రాములు నరంలోకి ఇచ్చి, అవసరమైతే మళ్లీ ఇవ్వాలి. పీక్, ప్లాటో రెండూ పెరిగి, ఒక వైపు శబ్దం లేక, బీపీ పడిపోతుంటే టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చిక్కుకుని ఒత్తిడి పెరగడం) కావచ్చు. ఎక్స్‌రే కోసం ఆగకుండా గాలి బయటకు తీయాలి.

సమస్య: బ్యాగు నిండటం లేదు.

ఎక్కడో ఊడింది. రోగి నోటి దగ్గర మొదలుపెట్టి ప్రతి అతుకునూ చేత్తో తడుముతూ యంత్రం దాకా వెళ్లాలి. ఆచూకీ దొరకకపోతే యంత్రాన్ని వదిలి, ఎప్పుడూ తల దగ్గరే ఉండవలసిన అంబూ బ్యాగును (చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే విడి బ్యాగును) ట్యూబుకు తగిలించి సిలిండర్ ఆక్సిజన్‌తో నొక్కాలి. ఛాతీ సులువుగా లేస్తే లోపం యంత్రంలోనే ఉంది.