పాత ఎలక్ట్రిక్ సైకిల్‌కు కొత్త మోటార్: విప్పే ముందు జాగ్రత్తలు

• బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు, కంట్రోలర్‌లోని (మోటార్‌కు కరెంటును అదుపు చేసి పంపే పెట్టె) కెపాసిటర్లలో, అంటే చార్జి నిలవుంచే భాగాల్లో, కాసేపు చార్జి మిగిలే ఉంటుంది.

• వోల్టేజీ చూడండి. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండా చార్జయితే సాధారణంగా 42 వోల్టులు, 48 వోల్టులది 54.6 వోల్టులు చూపుతుంది. కంట్రోలర్ తట్టుకోవలసింది ఆ నిండు చార్జి అంకెను.

• అసలు చిక్కు కరెంటుతోనే. 15 ఆంపియర్లకు మించి ఇవ్వలేని పాత బ్యాటరీని 25 అడిగే కంట్రోలర్‌కు కలిపితే, సరిగ్గా ఎత్తు ఎక్కుతున్నప్పుడే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ సరఫరా ఆపేస్తుంది. ఆపకపోతే ఇంకా ప్రమాదం: సెల్స్ వేడెక్కుతాయి. ముందు బ్యాటరీ మీది లేబుల్ చదవండి, మోటార్ తర్వాత కొనవచ్చు.

• ఫ్రేములో ఇరుసు కూర్చునే రెండు గాడుల మధ్య దూరం కొలవండి. 135 మిల్లీమీటర్ల హబ్ మోటార్‌ను (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) ఇరుకు ఫ్రేములోకి బలవంతంగా దూర్చవద్దు, అల్యూమినియం అయితే అసలే వద్దు.

• హబ్ మోటార్‌కు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు పట్టీ) పెట్టాల్సిందే. ఖర్చు దండగ అనేవారి మాట వినకండి. ఇరుసు గాడిలో తిరిగితే వైర్లు మెలిపడి తెగుతాయి, చక్రమే ఊడి రావచ్చు.

• పాత కనెక్షన్లను ఫొటో తీసుకోండి. వైర్ల రంగులు కలిసినా అమరిక కలవకపోవచ్చు. తొలి పరీక్ష చక్రాన్ని గాల్లోకి లేపి, థ్రాటిల్ కొద్దిగా మాత్రమే తిప్పి చేయండి.

• బ్రేకు ప్యాడ్లు అరిగి ఉంటే ముందే మార్చండి.