తరవాణి కుండ ఎలా పెట్టాలి, పొట్టకి అది ఏం చేస్తుంది

మా గుణుపురంలో ఎండలు ముదిరాయంటే పక్కింటి ఒడియా వాళ్లు పఖాళ అంటారు, మేం చద్దన్నం అంటాం. కుండలో ఉండేది ఒకటే. ఆ పులిసిన నీళ్లు వాళ్లకి తొరాణి, మనకి తరవాణి. కానీ రాత్రి అన్నం మిగిలింది కదా అని పదకొండింటికి గిన్నెలో నీళ్లు పోసి వదిలేస్తే అది తరవాణి కాదు, దయచేసి అలా చేయకండి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మేల్కొని విషం తయారుచేస్తాయి, అందులో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు.

అందుకే అన్నం వార్చగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద పెట్టి అరగంటలో చల్లార్చండి. మట్టికుండలో వేసి, కాచి చల్లార్చిన నీళ్లు అన్నానికి రెండు వేళ్లు పైకి వచ్చేలా పోయండి. నిన్నటి తరవాణి అరగ్లాసు కలపండి, లేకపోతే రెండు చెంచాల పెరుగు చాలు. అసలు కిటుకు ఇదే. ల్యాక్టిక్ ఆమ్లం చేసే మంచి బ్యాక్టీరియా ముందుగానే గుంపుగా దిగితే నీళ్లు తొందరగా పులుస్తాయి, ఆ పులుపులో చెడ్డవి పెరగడం కష్టం. వాసనకి రెండు దబ్బాకులు వేసి, పల్చటి గుడ్డ కట్టండి. ఉప్పు తినేటప్పుడే.

పొద్దున్న చూస్తే నీళ్లు పల్చటి మజ్జిగలా తెల్లగా ఉండి, మెతుకుల పక్కన సన్న బుడగలు కనిపించాలి, శుభ్రమైన పులుపు వాసన రావాలి. జిగురు సాగినా, గులాబీ మచ్చ కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోసేయండి. బాగుంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాల్చిన వడియాలు నంజుకుని తినండి. వేడి మాత్రం చేయకండి, మరిగితే అందులోని మంచి బ్యాక్టీరియా బతకవు.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని లెక్క, ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనకి అరగని పీచుని అవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం చేస్తాయి, పేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి అదే. కొంత విటమిన్ కె కూడా చేస్తాయి, చెడ్డవాటికి చోటు దొరక్కుండా అడ్డుకుంటాయి. తరవాణిలోవి చాలావరకు వచ్చిపోయే చుట్టాల్లాంటివి. ఇంట్లో ఉండేవాటికి తిండి పెట్టేది చోళ్ల (రాగుల) అంబలి, తోటకూర, ఉలవలు, పప్పు. వీటిని మానేసి కుండ ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు.

పోయినేడు మా అత్తయ్యకి జలుబు చేస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు. జలుబు దాని మానాన అది తగ్గింది, విరేచనాలు మాత్రం పది రోజులు పట్టుకున్నాయి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్రలు దాన్ని చంపవు, పేగులోని మంచివాటిని చంపుతాయి. డాక్టరు అవసరమని రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడండి.

క్యాన్సర్ మందుల్లో ఉన్నవాళ్లకి, అవయవ మార్పిడి అయినవాళ్లకి, పసిపిల్లలకి ఇంట్లో పులియబెట్టిన ఈ నీళ్లు పట్టకండి. విరేచనాలు అవుతుంటే ముందు ఓఆర్‌ఎస్ కలిపి ఇవ్వండి, కుండ తర్వాత.