అబద్ధాన్ని పట్టుకోవడం – మూడో పాఠం: మొహం వదిలేసి కథ వినండి

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? ఇంట్లోవాళ్ల చేత పది మాటలు చెప్పించి, ఏది నిజమో ఏది అబద్ధమో మొహం చూసి కనిపెట్టమన్నాను. ఐదో ఆరో సరిపోయి ఉంటే దిగులుపడకండి. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ పోగేసి 2006లో లెక్క తీశారు. ఆ పరీక్షల్లో కూర్చున్న 24 వేల మందికి పైగా జనం సగటున వందకు 54 సరిగ్గా చెప్పారు, అంతే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి.

కళ్లలోకి చూడకపోతే అబద్ధమే అన్న నమ్మకం మనల్ని ఎక్కువగా ముంచుతుంది. ఆ సంగతి అబద్ధమాడేవాడికీ తెలుసు, కాబట్టి కావాలనే సూటిగా చూస్తాడు. పైగా పెద్దల ముందు తల దించుకోమని పిల్లలకు నేర్పేది మనమే, తీరా దించుకుంటే 'ఏదో దాస్తున్నావ్' అనేదీ మనమే! చెమట, తడబాటు టెన్షన్ గుర్తులు. లై డిటెక్టర్ కొలిచేది కూడా ఊపిరి, రక్తపోటు, చెమట లాంటివాటినే. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని మన సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది.

మరి దేన్ని పట్టుకోవాలి? అబద్ధమాడినా అతికినట్లుండాలి అంటారు కదా, ఆ అతుకుని.

నాకిది ఒక పాత స్కూటర్ కొనబోయి తెలిసొచ్చింది. మీటరు 28,000 చూపిస్తోంది. డిక్కీలో ఏడాది కిందటి సర్వీసింగ్ బిల్లు దొరికితే, దాని మీద అప్పటి మీటరు 41,000 కిలోమీటర్లని రాసుంది. వెంటనే బిల్లు చూపించి 'ఇదేంటండీ?' అన్నాను. 'మీటరు పోతే కొత్తది వేయించామండీ, చెప్పడం మర్చిపోయా' అన్నాడాయన, తడుముకోకుండా. నిజమేనేమో, నాకిప్పటికీ తెలియదు. అబద్ధమే అయితే మాత్రం దాన్ని అల్లుకోవడానికి సరుకు అందించింది నేనే.

బిల్లు జేబులో పెట్టుకుని మామూలుగా అడగాల్సింది: 'బండికి మొదటినుంచీ ఏమేం మార్పించారు?' మీటరు నిజంగా మార్పించినవాడైతే ఆ మాట తనే చెప్పే అవకాశం ఎక్కువ. చెప్పకపోతే ఇంకొంచెం దగ్గరికి రావాలి. 'మీటరు బండితో వచ్చిందేనా?' 'అవునండీ, ఒరిజినల్.' బిల్లు బయటికి తీయాల్సింది ఇప్పుడు. 2006లో స్వీడన్ పరిశోధకులు ట్రైనింగులో ఉన్న పోలీసులకు ఇలా ఆధారం దాచి అడగడం నేర్పి చూశారు. నేర్చుకున్నవాళ్లు వందకు 85 సరిగ్గా పట్టుకున్నారు, నేర్చుకోనివాళ్లు 56.

ఒక్క జాగ్రత్త. 'సోమవారం... కాదు కాదు, మంగళవారం' అని తనను తాను దిద్దుకున్నవాణ్ణి వెంటనే అనుమానించకండి. జరిగినదాన్ని గుర్తు తెచ్చుకునేవాళ్లు అలాగే మాట్లాడతారు. కట్టుకథ చెప్పేవాళ్లే దిద్దుకోవడానికి జంకుతారు.

ఈ వారం హోంవర్క్: మీకు జవాబు ముందే తెలిసిన చిన్న విషయం ఒకటి తీసుకోండి. ఫ్రిజ్‌లో స్వీట్ ఎవరు తిన్నారన్నంత చిన్నది చాలు. మీకు తెలుసని బయటపడకుండా మూడు ప్రశ్నలు వేసి, జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. మొదటి ప్రశ్న మాత్రం అవును, కాదు అని తేల్చేసేలా ఉండకూడదు. పిల్లల మీద ప్రయత్నించండి, స్నేహితుల మీద ప్రయత్నించండి. భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు మాత్రం వద్దు. నేను చేసి చూశాను.