నూనె మర్దనకు ముందు

ఒళ్లు నొప్పులకు నువ్వుల నూనె మర్దన మంచి ఊరట. పీట మీద కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

- జ్వరం, పుండ్లు, కొత్త దెబ్బ ఉంటే ఆ రోజుకు మానండి.
- భోజనం చేసి గంటన్నర కావాలి.
- అన్నిటికంటే ముఖ్యం పిక్కలు. ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఈమధ్యే పెద్ద ఆపరేషన్ అయినవారు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు.
- రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు ముందే డాక్టరును అడగాలి.
- నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయండి. మణికట్టు మీద చుక్క వేసి చూడండి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియదు, వారి బదులు మరొకరు చూడాలి.
- మెడను గట్టిగా తిప్పి టక్కుమనిపించడం వద్దేవద్దు. ముందే చెప్పండి, మొహమాటపడకండి.