కొత్త ప్రాసెసర్ వేశాక కూడా గేముల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరగలేదా?

సమస్య: ప్రాసెసర్ మార్చారు, ఎఫ్‌పీఎస్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే

కారణం చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డే. గేమ్ నడుస్తుండగా జీపీయూ (అంటే ఈ కార్డు) వాడకం చూడండి. 97-99 శాతం దగ్గర ఉంటే కార్డుకి ఇక ఊపిరి సలపడం లేదని అర్థం, అప్పుడు ఎంత కొత్త ఆర్కిటెక్చర్ (లోపలి డిజైన్) ఉన్న ప్రాసెసర్ తెచ్చి పెట్టినా అది కార్డు కోసం కాచుకుని కూర్చోవాల్సిందే. రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డం కార్డు, కదలకపోతే ప్రాసెసర్ వైపు. దయచేసి ఈ పరీక్ష డబ్బు పెట్టకముందే చేయండి.

సమస్య: జీపీయూ 60 శాతమే, అయినా గేమ్‌లో జనం ఉన్న చోట ఆగి ఆగి నడుస్తోంది

ముందు ర్యామ్ చూడండి. మా తమ్ముడి కొత్త పీసీ మూత తీస్తే నాలుగు స్లాట్లలో ఒకటే 16 జీబీ స్టిక్. అది 6000 వేగం ఉన్న డీడీఆర్5 ర్యామ్, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) చూస్తే 4800 దగ్గర నడుస్తోంది, అసెంబుల్ చేసినవాళ్లు ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయనే లేదు. అదే మోడల్ స్టిక్ ఇంకోటి తెచ్చి, రెండో స్లాట్లో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి పెట్టి ఎక్స్‌పో ఆన్ చేశాం, ఆ కుదుపులు చాలావరకు పోయాయి. ఇంటెల్ బోర్డుల్లో దీన్నే ఎక్స్‌ఎంపీ అంటారు.

సమస్య: ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, అడ్డం ప్రాసెసరే

అప్పుడు మార్చండి, కానీ ఆర్కిటెక్చర్ పేరు చూసి కాదు. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ, అంతకుముందున్న 5800ఎక్స్ రెండూ ఒకే జెన్ 3 ఆర్కిటెక్చర్‌వే. కొత్తదాని గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కి తగ్గింది కూడా, అయినా చాలా గేముల్లో అదే ముందుంది, ఎందుకంటే ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెరిగింది, మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లే పని తగ్గింది. మరోవైపు 2024లో ఇంటెల్ పూర్తిగా కొత్త డిజైన్‌తో తెచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ చాలా గేముల్లో తమ సొంత 14వ తరం కంటే వెనకబడింది. అదే ఏడాది వచ్చిన ఏఎండీ జెన్ 5 మామూలు (ఎక్స్3డీ కాని) చిప్‌లు కూడా గేముల్లో జెన్ 4 కంటే కొద్దిగానే మెరుగు.

ఏఎం4 (5800ఎక్స్ లాంటి పాత రైజెన్‌లు పట్టే సాకెట్) బోర్డు ఉన్నవాళ్లు మొత్తం మార్చక్కర్లేదు, పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్3డీ చిప్ దొరికితే అది చాలు. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోండి, లేకపోతే కొత్తది పెట్టాక డిస్‌ప్లే రాక టెన్షన్ పడతారు.