విమ్ పోయినా దాని బొమ్మ స్క్రీన్ మీద ఉండిపోతే

మొన్న రాత్రి పదకొండు దాటాక, మారతహళ్లిలో పీజీలో ఉంటున్న మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కరెంటు పోయి వైఫై ఆగిపోయింది, సర్వర్‌లో విమ్ ఎడిటర్ తెరిచి పెట్టుకున్నా, ఇప్పుడు ఏ కీ కొట్టినా కదలట్లేదు, దానికి ముందు మైగ్రేషన్ స్క్రిప్ట్ ఇచ్చిన అవుట్‌పుట్ కూడా కనపడట్లేదు, పొద్దున్నే అది పంపాలి." టెన్షన్‌లో విండో మూసేయబోతున్నాడు. మూయొద్దన్నాను. ఆ అవుట్‌పుట్ ఇంకా అక్కడే ఉంది, విండో మూస్తేనే పోతుంది.

కారణం ఇదీ. ఎక్స్‌టర్మ్ లాంటి టెర్మినల్స్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోల్లో, స్క్రీన్లు రెండుంటాయి. మనం కమాండ్లు కొట్టేది, పైకి జరిపి పాత లైన్లు చూసుకునేది మొదటిది. రెండోది ఆల్టర్నేట్ స్క్రీన్, దానికి సాధారణంగా స్క్రోల్‌బ్యాక్ (పైకి జరిపి పాత లైన్లు చూసే వీలు) ఉండదు. విమ్, లెస్ (ఫైల్‌ని పేజీలుగా చూపేది), హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపేది) లాంటివి మొదలవగానే టర్మ్‌ఇన్ఫోలో (టెర్మినల్ సంకేతాల జాబితా) ఎస్ఎమ్‌కప్ అన్న పేరుతో ఉండే సంకేతం పంపిస్తాయి, టెర్మినల్ కర్సర్ ఉన్న చోటు గుర్తుపెట్టుకుని రెండో స్క్రీన్‌కి మారుతుంది, బయటికొచ్చేటప్పుడు ఆర్ఎమ్‌కప్ పంపిస్తే వెనక్కి వస్తుంది. పాత స్క్రీన్‌ని దాచేది విమ్ కాదు, మీ టెర్మినలే. కనెక్షన్ తెగితే సర్వర్‌లోని విమ్ ఆర్ఎమ్‌కప్ పంపినా మీ దాకా రాదు, టెర్మినల్ రెండో స్క్రీన్‌లోనే ఉండిపోతుంది.

పరిష్కారం: ముందు ఎంటర్ కొట్టి, టిల్డా, ఆ వెంటనే చుక్క కొట్టండి, వేలాడుతున్న ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌తో మన కనెక్షన్) తెగిపోతుంది. తర్వాత "టీపుట్ ఆర్ఎమ్‌కప్" కొట్టండి, అక్షరాలు కనపడకపోయినా సరే కొట్టండి. పాత అవుట్‌పుట్ తిరిగొస్తుంది. టైప్ చేసింది ఇంకా కనపడకపోతే "ఎస్‌టీటీవై సేన్". మౌస్ కదిపితే చెత్త అక్షరాలు పడుతుంటే మౌస్ మోడ్ ఆన్‌లో ఉండిపోయిందని అర్థం, ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో 1000, 1002, 1003, 1006 మోడ్‌లను ఆఫ్ చేయాలి, ఒక్కో దానికి ఈ వరుస పంపాలి: ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, ప్రశ్న గుర్తు, ఆ అంకె, చిన్న ఎల్. చాలామంది నేరుగా "రీసెట్" కొట్టేస్తారు, దయచేసి దాన్ని చివరికి ఉంచుకోండి, అది స్క్రీన్‌నే తుడిచేస్తుంది. ఇక ఫైల్ సంగతంటారా, మళ్లీ లాగిన్ అయ్యి విమ్‌ని మైనస్ ఆర్‌తో తెరిస్తే స్వాప్ ఫైల్ (విమ్ తనంతట తానే రాసుకునే తాత్కాలిక ఫైల్) నుంచి చాలావరకు దొరుకుతుంది.

దీనికి రివర్స్ సమస్య కూడా ఉంది: లెస్‌లో చూసిన లైన్లు క్యూ కొట్టగానే మాయమవుతాయి, మనకేమో అవి చూస్తూ కింద కమాండ్ రాయాలి. లెస్‌కి మైనస్ పెద్ద ఎక్స్ ఇవ్వండి, ఎస్ఎమ్‌కప్ పంపదు. విమ్‌లో అయితే టీ-అండర్‌స్కోర్-టీఐ, టీ-అండర్‌స్కోర్-టీఈ అనే ఆప్షన్లు రెండింటినీ ఖాళీగా సెట్ చేయాలి.

గ్నూ స్క్రీన్ (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రామ్) లోపల విమ్ మూసినా ఫైల్ అలాగే కనపడుతుంటే, అందులో ఆల్ట్‌స్క్రీన్ డిఫాల్ట్‌గా ఆఫ్, స్క్రీన్‌ఆర్‌సీ ఫైల్‌లో ఆన్ చేసుకోండి. అలాంటిదే అయిన టీమక్స్‌లో ముందే ఆన్‌లో ఉంటుంది.

కర్సెస్ (టెర్మినల్ స్క్రీన్ మీద గీసే లైబ్రరీ) తో సొంతంగా ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఒక మాట. ఎర్రర్ మెసేజ్ ప్రింట్ చేశారు గానీ యూజర్‌కి కనపడలేదంటే, ఎండ్‌విన్ (కర్సెస్‌ని ముగించే ఫంక్షన్) పిలవకముందే ప్రింట్ చేసి ఉంటారు, అది రెండో స్క్రీన్‌తో పాటే పోయింది. ముందు ఎండ్‌విన్, ఆ తర్వాతే మెసేజ్. పైథాన్‌లో కర్సెస్ వ్రాపర్ వాడితే ఎక్సెప్షన్ వచ్చినా టెర్మినల్‌ని అదే సర్దేస్తుంది, కిల్ మైనస్ 9 కొట్టి బలవంతంగా ఆపేస్తే మాత్రం ఏ ప్రోగ్రామ్‌కీ ఆ అవకాశం ఉండదు, అప్పుడు మళ్లీ టీపుట్ ఆర్ఎమ్‌కప్ మన చేత్తోనే కొట్టాలి.